ఆమె లేని సమీక్షలు

బతికున్న మనిషికి నివాళి ఏ గొంతుతో చదవాలి? రికార్డింగు గది బయట, గోడ వారగా వేసిన చెక్క బెంచీ మీద కూర్చుని నన్ను నేను అడుగుతున్నాను. లోపల పిల్లల పాటల కార్యక్రమం ఇంకా పూర్తి కాలేదు. తలుపు పైన ఎర్రదీపం వెలుగుతోంది. అది వెలిగినంతసేపూ బయటి లోకం దగ్గకూడదు, తుమ్మకూడదు, కుర్చీ జరపకూడదు. నా ఒళ్ళో కొన్ని కాగితాలున్నాయి. ఆ కాగితాల్లో నా భార్య చనిపోయింది. ఇంట్లో ఆమె ఈపాటికి దిండుకు ఆనుకుని కూర్చుని, చెల్లెలి చేత జడ వేయించుకుంటూ, బిగుతు నచ్చక తల విదిలిస్తూ ఉంటుంది. ఈ రెండూ ఒకే మధ్యాహ్నంలో, కొన్ని వీధుల ఎడంతో, పక్కపక్కనే నిజం కావడం నా బుద్ధికి అందుతోంది గాని చేతులకు అందడం లేదు. కాగితాలు పట్టుకున్న వేళ్ళు వాటంతటవే వాటిని మడుస్తున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ మడుస్తున్నాయి.

రేడియోలో ఇది కొత్త పద్ధతేమీ కాదు. పేరున్న మనిషికి జబ్బు చేసిందనీ, వైద్యులు పెదవి విరిచారనీ తెలియగానే నివాళి ప్రసంగం ముందే రికార్డు చేసి దాచుకుంటారు. అందులో కర్కశత్వం లేదు. కబురు వచ్చిన గంటలోనే ప్రసారం కావాలి. ఆ గంటలో ఏడ్చేవాళ్ళు దొరుకుతారు గాని మాట్లాడేవాళ్ళు దొరకరు. అలా దాచినదాన్ని మా లోపలి మాటల్లో అటక సరుకు అంటారు. నేనే ఎంతమందిని అటకెక్కించానో! ఎక్కించాక కొందరు బతికి బట్టకట్టి, ఇంకా ఎన్నో నాటకాలాడి, ఈ వరండాలోనే నాకు ఎదురయ్యారు. ఒక ముసలి నటుడు టీ గ్లాసు పట్టుకుని అందరి ముందూ నన్ను ఆపి, "ఏమయ్యా చెవిగారూ, నా సరుకు అటక మీద భద్రమేనా? ఎలకలు కొట్టకుండా చూడు. పోనీ ఒకసారి వినిపించరాదూ, తప్పులుంటే నేనే దిద్దిపెడతా," అన్నాడు. చెవిగారు అన్నది ఇక్కడివాళ్ళు నాకు పెట్టిన పేరు. వినడం తప్ప ఇంకే పనీ చేతకానివాడని కొందరి ఉద్దేశం, ఎవరికీ వినబడని తప్పు నాకు వినబడుతుందని ఇంకొందరి భయం. ఆ రోజు అందరం నవ్వాం. నవ్వు ఆగాక కూడా ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకు నిజంగానే వినాలని ఉందని అప్పుడు తట్టలేదు, ఈ బెంచీ మీద తడుతోంది.

మా కార్యక్రమాల పని చూసుకునే అమ్మాయి పోయిన వారం ఈ మాట ఎత్తినప్పుడు నా ముఖం చూడలేకపోయింది. టేబులు మీద సిరా మరకను గోటితో గీకుతూ అడిగింది. "సార్, మీరు కాదంటే వేరే ఎవరితోనైనా చేయించుకుంటాం. కానీ మేడమ్ చేసినవన్నీ మొదటినుంచీ విన్నవాళ్ళు మీరొక్కరే కదా." నేను వెంటనే సరేనన్నాను. ఆ వెంటనే అనడం వెనుక ఏముందో ఆ అమ్మాయికి తెలియదు, నాకు మాత్రం నడుస్తూ ఇంటికి వెళ్ళే దారిలో తెలిసింది, తెలిసి ఒక మలుపు దగ్గర నిలబడిపోయాను. నా భార్య నటన గురించి మాట్లాడమని ఈ లోకం నన్ను అడగడం అదే మొదటిసారి. దుఃఖానికి ముందు, దుఃఖం కన్నా ముందు, నాలో లేచింది ఆత్రం. ఎన్నాళ్ళుగానో అణిచిపెట్టుకున్న పని చేతికి వచ్చినవాడి ఆత్రం. మనిషి మనసులో ఏది ముందు లేవాలో మనిషి చేతిలో లేదు. లేచినదానికి పేరు పెట్టకుండా ఉండటమే అతను చేయగలిగింది.

నేను పత్రికలో రేడియో సమీక్షలు మొదలుపెట్టినప్పుడు సంపాదకుడు ఒకే ఒక షరతు పెట్టాడు. "బంధువుల గురించి రాయకు. మెచ్చుకుంటే పత్రిక పరువు పోతుంది, తిడితే నీ కాపురం పోతుంది. రెండూ నాకు తలనొప్పే." అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. లేని నగలకు తాళం వేసినట్టు సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ తరవాత ఒక సాయంకాలం రేడియోలో ఆమె గొంతు విన్నాను. ఆసుపత్రి కథ, ఆమెది నర్సు పాత్ర, తల్లిని చూడడానికి వచ్చిన కొడుకుతో "లోపలికి వెళ్ళండి" అనడం తప్ప ఆమెకు ఆ దృశ్యంలో పని లేదు. ఆ రెండు మాటలూ ఆమె ఎలా అందో ఇప్పటికీ ఏ మాటల్లోనూ పెట్టలేను, కానీ తల్లి ఇక లేదని ఆ కొడుక్కి తెలిసిపోయింది, నాకూ తెలిసిపోయింది, తరవాతి దృశ్యంలో డాక్టరు వచ్చి చెప్పినది అనవసరమైపోయింది. ఆ వారమే రాయవలసింది. ఆ వారం స్థలం చాలదని నా శీర్షిక ఆపేశారు. మరుసటి వారానికి నేను ఆమెను చూశాను. చూశాక రాయడానికి చెయ్యి రాలేదు. సంపాదకుడి షరతు ఇంకా నాకు వర్తించకముందే నా మనసుకు వర్తించేసింది.

పెళ్ళయ్యాక నా సమీక్షలకు ఒక వింత ఆకారం వచ్చింది. ఆమె ప్రధాన పాత్ర వేసిన నాటకాన్ని వదిలేయడానికి వీల్లేదు, ఎందుకంటే మంచి నాటకాలన్నీ ఆమెవే. అందుచేత నాటకమంతా రాసి ఆమెను వదిలేసేవాణ్ణి. నాయకుడి గొంతులో జీర, వాన చప్పుడులో అతి, సంగీతం ఎక్కడ మాటను తొక్కిందో, రచయిత ఎక్కడ ఉపన్యాసంలోకి జారాడో, అన్నీ ఉండేవి. ఎవరి చుట్టూ ఇదంతా తిరిగిందో ఆమె మాత్రం ఉండేది కాదు. పాఠకులు త్వరలోనే కిటుకు పట్టేశారు. చెవిగారి సమీక్షలో ఎవరి ఊసు లేదో ఆవిడే కథానాయిక అని చెప్పుకునేవారు. ఆమె ఆదివారం పొద్దున పత్రిక మడిచి, కళ్ళజోడు పైకి నెట్టి, "ఏమండీ, ఈ వారం నా ఖాళీ భలేగా వచ్చింది. పోయినసారి కన్నా పెద్దది. బాగానే చేశానన్నమాట," అనేది. నేను టీ తాగుతూ కిటికీ వైపు చూసేవాణ్ణి. "అబ్బో, ముఖం కూడా నియమం పాటిస్తోందే!" అనేది. నియమం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. భార్యను మెచ్చుకునేవాడి నోట ఇతరుల మెప్పు కూడా పలచబడుతుంది. కానీ సరైన నియమం కూడా ఎవరో ఒకరి మీదినుంచి నడిచి వెళుతుంది. ధర్మశాస్త్రాలు చదివిన రోజుల్లో నేను వెతికింది నియమం సరైనదా కాదా అన్నదే. అది ఎవరి మీద నడిచింది అన్న ప్రశ్న వాటిలో ఏ పుటలో ఉందో నాకు కనబడలేదు.

ఇంట్లో చెప్పలేదా అంటే, చెప్పాను. ఒకసారి, దీపం తీసేశాక, ఆమె ఆ రోజు చేసిన పాత్ర గురించి బాగుందన్నాను.  ఆమె చీకట్లో మెల్లగా, నవ్వు లేకుండా, "ఇంట్లో బాగుందంటే ఏముందండీ, కూర బాగుందన్నట్టే. అది కాపురం. నాకు మైకు ముందు చెప్పే మాట కావాలి. పక్కింటావిడ కూడా వినే మాట. తప్పు ఉంటే తప్పు," అంది. నేను దుప్పటి సర్దుకున్నాను. "పోన్లెండి. నేను పోయాక చెబుతారుగా. అప్పుడు బంధుత్వం ఉండదు కాబట్టి నియమం అడ్డం రాదు," అని అటు తిరిగి పడుకుంది. అటు తిరిగాక ఆమె భుజం కదిలింది. నవ్విందని ఆ రోజు అనుకున్నాను. గొంతులన్నీ విడమరిచి చెప్పగల చెవి ఇది. చీకట్లో ఒక భుజం కదిలితే ఎందుకో చెప్పలేకపోయింది.

పత్రిక మూతపడ్డాక ఈ రేడియోవాళ్ళే నన్ను లోపలికి పిలిచారు. వారం వారం తమ కార్యక్రమాల మీదే తమ మైకులో సమీక్ష చెప్పమన్నారు. అప్పటి డైరెక్టరు నవ్వుతూ, "బయట మొరిగితే నిద్ర పట్టదు, లోపల కట్టేస్తే కాపలా," అన్నాడు. షరతు మాత్రం అదే, నాతో పాటే గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మొదటి రోజు మైకు ముందు నా గొంతు సభలో ఉపన్యాసంలా మోగింది. ఆమె స్టూడియో అద్దం అవతలినుంచి లోపలికి వచ్చి, కాగితం నా చేతిలోంచి లాక్కుని, "ఊరందరికీ చెప్పకండి. ఊరందరూ అనే మనిషి ఎక్కడా ఉండడు. ఒక్కరికి చెప్పండి. ఎవరో ఒక్కరు ఏదో పని చేసుకుంటూ వింటున్నారనుకోండి," అంది. ఆ రోజునుంచి ఆ ఒక్కరూ ఆమే. అందరి గురించీ ఆమెకే చెప్పాను. ఆమె గురించి తప్ప. శబ్దం నిత్యమా, అనిత్యమా అని పూర్వం మీమాంసకులూ తార్కికులూ జుట్లు పట్టుకున్నారట. నేను ఎప్పుడూ రెండో పక్షమే. శబ్దం పుట్టిన చోటే పోతుంది. టేపులో మిగిలేది గొంతు కాదు, గొంతు నడిచి వెళ్ళిన దారి. పోయేదానికి సాక్షి కావాలి, ఆ సాక్షి పేరే విమర్శకుడు అని పెద్దమాటలు రాసుకున్నాను కూడా. నేను అన్ని గొంతులకూ సాక్షినే. ఒక్క గొంతు దగ్గరికి వచ్చేసరికి, అందరికన్నా దగ్గరగా నిలబడినందుకే, సాక్ష్యం చెల్లదన్నారు.

ఆ గొంతుకు కేన్సరనీ, తీసేయాలనీ వైద్యుడు చెప్పిన రోజు ఆమె, నాటకంలో పాత్ర మార్చారంటే విన్నట్టు విని, తల ఊపింది. ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఆగకుండా మాట్లాడింది. దుకాణాల బోర్డులు చదివింది, చిన్నప్పటి బడి పంతులమ్మను అనుకరించింది, నన్ను కూడా అనుకరించింది, నేను ఎలా గొంతు సవరించుకుంటానో అచ్చం అలాగే. ఆపరేషను తరవాత ఆమెకు స్టూడియో సైగలే మాటలయ్యాయి. అద్దం ఇవతలినుంచి అవతలికి చేసే సైగలు. వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే త్వరగా కానిమ్మని. రెండు చేతులూ రబ్బరు లాగినట్టు ఎడంగా లాగితే నెమ్మదిగా చెప్పమని. అరచేయి ముందుకు చాపితే ఆగమని. అన్నం తినిపించేటప్పుడూ, మందు ఇచ్చేటప్పుడూ, నేను పక్కన కూర్చుని ఏదో చదివి వినిపించేటప్పుడూ అవే. గొంతు మీద అడ్డంగా చేయి గీస్తే ఇక ఆపెయ్యమని అర్థం. ఆ ఒక్క సైగ మాత్రం ఆమె చెయ్యడం మానేసింది. జబ్బు మళ్ళీ తిరగబెట్టి లోపల ఎక్కడెక్కడికో పాకిందనీ, ఇక వారాల్లోనే లెక్క అనీ వైద్యుడు నన్ను పక్కకు పిలిచి చెప్పినప్పుడు, గదిలోకి తిరిగి వస్తే, వేలు గుండ్రంగా తిప్పింది. త్వరగా కానీ, ఏమన్నాడో చెప్పు. చెప్పాను. మా ఇద్దరికీ అబద్ధం వినబడుతుంది. అబద్ధమాడి లాభం లేదు.

జేబులో ఫోను వణికింది. ఎర్రదీపానికి భయపడి వరండా చివరికి నడిచాను. మా మరదలు. "బావా, అక్క అడుగుతోంది, ఇవాళ సమీక్ష దేని మీదని. రేడియో నేను సరిగ్గా పెట్టలేదట, తిడుతోంది."

"ఎలా తిడుతోంది?"

"ఎలా ఏంటి బావా, కళ్ళతోనే. నీకు తెలియని తిట్లా? ఉండు, ఇప్పుడు వేలు తిప్పుతోంది. చెప్పు త్వరగా, నా ప్రాణం తీస్తోంది."

నోటిదాకా ఒక పాత నాటకం పేరు వచ్చింది. మింగాను. "ఇంకా అనుకోలేదని చెప్పు," అన్నాను.

"అనుకోలేదా? ఇంకో గంటలో లైవ్ పెట్టుకుని? నీకేమైంది బావా?" తరవాత గొంతు తగ్గించి, గది బయటికి వచ్చినట్టుంది, "పొద్దున్నుంచీ అదోలా ఉంది. నువ్వు గంట ముందే ఎందుకెళ్ళావని అడిగింది. పనుందన్నాను. నవ్వింది. ఎందుకు నవ్విందో నాకైతే అర్థం కాలా."

నాకు అర్థమైంది. తన తోటివాళ్ళ అటక సరుకులకు ఆమె కూడా గొంతు ఇచ్చింది. లైవ్‌కు ముందు గంట ఖాళీ ఎందుకు అడుగుతారో ఆమెకు ఒకరు చెప్పాలా? మొగుడు ఎట్టకేలకు తన గురించి మాట్లాడటానికి వెళ్ళాడని తెలిసి, ఆ మాట వినడానికి తాను ఉండనని తెలిసి, జడ వేయించుకుంటూ నవ్వి ఉంటుంది. అటు తిరిగి పడుకున్న భుజం నాకు ఇప్పుడు కనబడుతోంది. అది నవ్వు కాదు.

బెంచీ దగ్గరికి వచ్చి కాగితాలు విప్పాను. నా అక్షరాలే. వాక్యాలు చక్కగా నడిచాయి, ఎక్కడా తడబాటు లేదు. నిర్మలమైన స్వరం, పాత్రలో లీనమైపోయే గుణం, తరాలను అలరించిన కళ. అలరించిన! ఇతరులు ఆ మాట వాడితే ఎన్నిసార్లు ఎర్రసిరాతో కొట్టేశాను! మొదటి పుటనుంచి చివరి పుట దాకా చదివి, ఏదో తక్కువైందని మళ్ళీ చదివాను. ఇందులో తప్పు లేదు. అంటే, ఆమె చేసిన తప్పు ఒక్కటీ లేదు. నా జీవితంలో తప్పు ఎంచకుండా నేను రాసిన సమీక్ష ఇదొక్కటే. చనిపోయినవాళ్ళ ఒంటిమీది నగలు తీసినట్టే వాళ్ళ తప్పులు కూడా తీసి పక్కన పెడతాం. తప్పులు పోయాక మిగిలే మనిషి ఎవరైనా కావచ్చు. ఈ కాగితాలు ఏ నటి మీద కప్పినా సరిపోతాయి. తప్పు చెప్పడమంటే ఎదుటి మనిషి రేపు మళ్ళీ మైకు ముందుకు వస్తుందని ఒప్పుకోవడం. రేపు లేకపోయినా, ఇవాళ వింటుందని ఒప్పుకోవడం. "తప్పు ఉంటే తప్పు" అన్నది ఆమె. ఆమె అడిగింది పూలు కాదు. ఆ చీకట్లో ఆమె అడిగినది ఇంత చిన్నది, ఇంత ఖచ్చితమైనది. నేను ఇన్నాళ్ళూ అడ్డం పెట్టుకున్న నియమం కూడా, విప్పి చూస్తే, ఇంతే చిన్నది: వినేవాడు మోసపోకూడదు. వినేవాడికి ముందే నిజం చెప్పేస్తే అందులో మోసం ఎక్కడుంది? ఇంత సులువైన సంగతి ఇంత ఆలస్యంగా తోచింది. అద్దం అవతలినుంచి ఎవరైనా సైగ చేస్తే తప్ప కదలని మనిషిని కాబోలు.

ఎర్రదీపం ఆరింది. తలుపు తెరుచుకుని పిల్లలు గొడవగా బయటపడ్డారు. వాళ్ళ వెనుక కార్యక్రమాల పని చూసుకునే అమ్మాయి. "చెవిగారూ, రండి. ముందు అది... చేసేద్దామా? లైవ్‌కి ఇంకా టైముంది."

"అది నేను చెయ్యనమ్మా."

"అయ్యో, ఫర్వాలేదు సార్. నేను అడగకుండా ఉండాల్సింది. ఇంకెవరినైనా..."

"ఇంకెవరైనా చేస్తారు, చక్కగానే చేస్తారు. నేను ఇవాళ లైవ్‌లో ఆవిడ మీద సమీక్ష చెబుతాను."

"మేడమ్ మీదా?" తలుపు పట్టుకుని ఆగిపోయింది. "మరి మీ రూలు?"

"మొగుణ్ణని మొదటి వాక్యంలోనే చెప్పేస్తాను. ఆ తరవాత నమ్మాలో వద్దో వినేవాళ్ళ ఇష్టం."

"పైవాళ్ళు నన్ను అడిగితే?"

"ముసలాడు చెబితే వినలేదని చెప్పు. అది అబద్ధం కూడా కాదు."

ఆ అమ్మాయి ఒక క్షణం నా వైపు చూసింది, ఈసారి ముఖంలోకే. తరవాత అద్దం వెనుక గదిలోకి వెళ్ళి, ఇంజనీరు చెవిలో ఏదో చెప్పింది. అతను నా వైపు తిరిగి తల ఊపాడు. నేను ఫోను తీసి మరదలికి ఒక్క మాట చెప్పాను. "దేని మీదని అడిగిందిగా. తన మీదని చెప్పు."  జవాబు వినకుండా ఫోను పెట్టేశాను. కాగితాలు బెంచీ మీదే వదిలేసి లోపలికి వెళ్ళాను. కుర్చీ మైకుకు దగ్గరగా జరుపుకున్నాను. వార్తలు ముగిశాయి. దీపం వెలిగింది.

"ఇవాళ ఒక నటి గురించి. చెబుతున్నవాడు ఆమె భర్త, ఆ సంగతి గుర్తుపెట్టుకుని వినండి. ఆమె కూడా వింటోంది. ముందు ఒక తప్పుతో మొదలుపెడతాను. కోపంగా పలకవలసిన మాటల చివర ఈమె ఒక చిన్న ఊపిరి వదులుతుంది. ఏ దర్శకుడూ పట్టుకోలేదు, ఎవరూ దిద్దలేదు. పాత్ర ఇంకా క్షమించలేదు. ఆ ఊపిరి అప్పటికే క్షమించేసి ఉంటుంది."